వాడిన మొక్కల చరిత్ర

నర్సీపట్నంలో మొక్కలు కొనే ఆడవాళ్లు రెండు రకాలు. మొదటి రకం వాళ్లు పొద్దున్నే నర్సరీకి వెళ్లి, నిండా పూలున్న కుండీ ఏరుకుని, అడిగిన డబ్బు ఇచ్చి తెచ్చుకుంటారు. రెండో రకం వాళ్లు సాయంత్రం దాకా ఆగుతారు. తుని వైపు నుంచి వచ్చిన మొక్కల బండి ఊరంతా తిరిగి, ఎండకి సగం మొక్కలు తలలు వాల్చేశాక, "బాబూ, ఇవి రేపటికి ఉంటాయా? ఎంతకిస్తావో చెప్పు" అని బేరం మొదలుపెడతారు. నేను రెండో రకమని నా రాతలు చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ విషయం మీద మా ఇంట్లో ఒక పాత వాదన ఉంది. 20 రూపాయలకి వాడిన మందారం తెచ్చి, నెల రోజులు నీడలో ఉంచి, పురుగు తుడిచి, మట్టి మార్చి లేవదీస్తాను. మావారు పక్కన కూర్చుని లెక్క వేస్తారు. "నువ్వు దీని మీద పెట్టిన గంటలకి కూలి కడితే 2,000 దాటింది. 150 పెడితే నిగనిగలాడే మొక్క వచ్చేది కదా!" అంటారు. లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ లెక్కని ఒక్క మొక్క దగ్గరే ఆపకుండా, రెండొందల యాభై ఏళ్లు వెనక్కి తీసుకెళ్తే ఏం తేలుతుందో చూడాలనిపించింది. వాడిన మొక్కని చవగ్గా తెచ్చి బతికించడం మన పెరటి పొదుపు అనుకుంటాం గాని, ఒకప్పుడు రాజులూ కంపెనీలూ ఓడలు కట్టి మరీ చేసిన పని అది. అందులో ఒక పెద్ద అంకం మన ఊరికి వంద కిలోమీటర్ల లోపే జరిగింది.

కరివేపాకులో ఒక డాక్టరు

ముందు వంటింట్లోంచి మొదలుపెడదాం. కరివేపాకు మొక్క డబ్బు పెట్టి కొన్నవాళ్లు మన వైపు తక్కువ. పక్కింటి చెట్టు మొదట్లో పిలక లేస్తే, వానాకాలంలో కాస్త వేరుతో తవ్వుకుని తెచ్చుకుంటాం. ఇంత చవకైన మొక్క ఇంకోటి లేదు. దాని శాస్త్రీయ నామం "ముర్రయా కోనిగై". ఆ "కోనిగై"లో ఒక మనిషి ఉన్నాడు. జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ అని, మొక్కలకి పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ శిష్యుడు. 1768లో డెన్మార్క్ వాళ్ల స్థావరమైన తరంగంబాడికి డాక్టరుగా వచ్చాడు. దక్షిణ దేశమంతా తిరిగి మొక్కలు ఏరి గురువుకి పంపాడు. 1771లో లినేయస్ మన కరివేపాకుకి శిష్యుడి పేరు తగిలించాడు.

తర్వాత కోనిగ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. 1785లో, తిరుగుతూ తిరుగుతూనే, కాకినాడ జగన్నాథపురంలో జబ్బుచేసి చనిపోయాడు. ఆఖరి రోజుల్లో అతనికి వైద్యం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు. అప్పటికి నాలుగేళ్లుగా సామర్లకోట దండులో వైద్యుడిగా ఉంటున్నాడు. ఖాళీ దొరికితే మొక్కలే లోకం.

కరివేపాకు కోనిగ్ కనిపెట్టింది కాదు. ఆయన రాకముందు ఎన్ని వందల ఏళ్ల నుంచో మన ముత్తవ్వలు తాలింపులో వేస్తూనే ఉన్నారు, పిలకలు పంచుకుంటూనే ఉన్నారు. వాళ్ల పేర్లు మొక్కలకి ఎక్కలేదు. అంతే తేడా. ఈ మాట ఇక్కడ గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

సామర్లకోట తోట

రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ ఒక తోట వేశాడు. ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించి మన కోస్తా ఎండకి బతుకుతాయా లేదా అని చూడటం ఆ తోట పని. కాఫీ, దాల్చినచెక్క, పట్టుపురుగులకి మేతయ్యే మల్బరీ, చెరకు, సీమపనస, ఇలా. రోజుకి కొన్నిసార్లు వేడిమి, గాలి, వాన రాసుకునేవాడు. ఇప్పుడు మనం ఫోన్‌లో చూసుకునే వాతావరణ లెక్కలు ఆయన చేత్తో ఏళ్ల తరబడి రాశాడన్నమాట.

1787 మే నెలలో కోరింగ తీరం మీదికి తుపానుతో పాటు ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. ఊళ్లకి ఊళ్లు నీళ్లలో కలిశాయి. ఆ నీళ్లలోనే రాక్స్‌బర్గ్ ఏళ్ల తరబడి కూర్చుకున్న ఎండు మొక్కల సేకరణ, పుస్తకాలు కొట్టుకుపోయాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వెళ్లిపోయిన మర్నాడు మన వీధుల్లో పడి ఉన్న చెట్లని చూసినవాళ్లకి ఆ మనిషి పరిస్థితి వివరించక్కర్లేదు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. 1789లో కంపెనీ తన మద్రాసు వైపు వృక్షశాస్త్రవేత్తగా ఆయన్నే నియమించింది.

కంపెనీకి మొక్కల మీద ప్రేమ ఏమీ లేదు, మిరియాల మీద ఉంది. సామర్లకోటకి ఉత్తరాన ఉన్న కొండల్లో అడవి మిరియం తీగ దొరికితే, దాన్ని కొమ్మలుగా కోసి తెచ్చి, పాతి, నీడ కట్టి, నీళ్లు పోయించి తోట పెంచాడు. తోట అయితే లేచింది గాని, ఆ తీగతో మిరియాల వ్యాపారం కంపెనీ అనుకున్నంత సాగలేదు. ఇప్పుడు నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటీ ఎక్కి చింతపల్లి వైపు వెళ్తే, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు చుట్టుకుని కనిపిస్తాయి. కాఫీ పుట్టింది ఇథియోపియాలో. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. మిరియం మలబారుది. మూడూ కలిసి మన మన్యంలో కాపురం చేస్తున్నాయి. రాక్స్‌బర్గ్ మైదానంలో చూడాలనుకున్నది మన్యం రైతులు కొండ మీద చేసి చూపించారు.

ఆయన సామర్లకోటలో ఉండగానే 1790 తర్వాత రెండేళ్లు వానలు లేక ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. జనం రోడ్ల వెంట పడిపోవడం ఆయన కళ్లారా చూశాడు. ఆ తర్వాత ఆయన కంపెనీకి రాసిన మాటల్లో వ్యాపార మొక్కలతో పాటు పేదవాడి కడుపు నింపే చెట్ల సంగతి కూడా వచ్చింది. కొబ్బరి, పనస, అరటి లాంటివి ఊరూరా నాటించండి, వరి పోయినా తినడానికి ఏదో ఒకటి ఉంటుంది అన్నది ఆ సలహా. పెరట్లో మునగ చెట్టు, అరటి బోదె, బొప్పాయి ఉంటే నెలాఖరున కూర వెతుక్కోనక్కర్లేదని మనకి తెలిసిన సంగతే. దాన్ని ఆయన కరువు చూసి రాశాడు.

1793లో ఆయన కలకత్తా తోటకి పెద్దగా వెళ్లాడు. ఆ తోటే ఇప్పుడు శిబ్‌పూర్‌లో పెద్ద మర్రి ఉన్న తోట. అంతకుముందే మన తీరం మొక్కల బొమ్మలు వందల కొద్దీ వేయించి లండన్‌కి పంపాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలు "కోరమాండల్ తీరపు మొక్కలు" అని 1795 నుంచి మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. బొమ్మలు వేసినవాళ్లు మన దేశపు చిత్రకారులు. ఆకు ఈనె, పువ్వు రేకు, గింజ పొట్టుతో సహా గీశారు. పుస్తకం మీద రాక్స్‌బర్గ్ పేరుంది. కుంచె పట్టినవాళ్ల పేర్లు లేవు. మొక్కని కొండల్లోంచి మోసుకొచ్చినవాళ్లవీ లేవు. రోజూ తోటకి నీళ్లు పోసినవాళ్లవి సరేసరి.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి దణ్ణం పెట్టాలి. మొక్కల వివరాలు రాసేటప్పుడు పక్కన తెలుగు పేరు కూడా ఎక్కించాడు. తెలుగు బీఏ చదివిన దాన్ని కాబట్టి నాకు అది ఇంకా గొప్పగా అనిపిస్తుంది. ఆ పేర్లు ఎవరో ఒకరు ఆయనకి చెప్పి ఉండాలి కదా. మందు మొక్కలు, కూరాకులు తెలిసిన మన వాళ్లే అయి ఉంటారు. ఆ మనుషుల పేర్లు పోయాయి గాని వాళ్లు చెప్పిన మొక్కల పేర్లు మిగిలాయి.

ఓడెక్కిన మొక్క

ఇప్పుడు మావారి లెక్క దగ్గరికి వద్దాం. మొక్కల బండి మీద తుని నుంచి నర్సీపట్నం వచ్చేసరికే సగం వాడిపోతే, ఆరు నెలలు సముద్రం మీద వెళ్లే మొక్క గతి ఏంటి? ఉప్పు తుంపర, మంచినీళ్ల కరువు, ఒకసారి మాడే ఎండ, ఒకసారి గడ్డకట్టే చలి. చైనాలో ఉన్న జాన్ లివింగ్‌స్టన్ అనే డాక్టరు 1819లో లెక్క కట్టాడు. చైనా నుంచి బయల్దేరిన మొక్కల్లో వెయ్యికి ఒక్కటే ఇంగ్లండ్‌లో బతుకుతోంది. పోయిన 999 ఖర్చు కూడా కలిపితే బతికిన ఆ ఒక్క మొక్క ఖరీదు 300 పౌండ్ల పైమాట. ఇది చదివి మావారికి వినిపించాను. నా మందారానికి పడ్డ 2,000 అప్పటి నుంచి కాస్త చవగ్గా కనిపిస్తోంది.

మొక్కల కోసం ఓడలో తిరుగుబాటే లేచిన సందర్భం ఉంది. 1789లో కెప్టెన్ బ్లై అనే అతను తాహితి దీవి నుంచి 1,015 సీమపనస మొక్కలు ఓడలో కుండీల్లో పెట్టుకుని వెస్టిండీస్ బయల్దేరాడు. అక్కడి చెరకు తోటల్లో బానిసలకి చవగ్గా తిండి పెట్టడానికి ఆ మొక్కలు. దారిలో నావికులు తిరగబడి కెప్టెన్‌ని చిన్న పడవలోకి దించేశారు, మొక్కల్ని సముద్రంలోకి విసిరేశారు. మళ్లీ ఇంకో ఓడ వేసుకెళ్లి 1793లో గాని ఆ పని పూర్తి చేయలేకపోయాడు. "చవక తిండి" అన్న మాట వెనక ఎవరి చాకిరీ ఉందో ఈ కథలో కనిపిస్తుంది.

మన గేట్ల మీద పాకే కాగితంపూల తీగ కథ ఇంకొకటి. దాన్ని శాస్త్రవేత్తలకి పరిచయం చేసింది 1767లో బ్రెజిల్ తీరంలో ఆగిన ఫ్రెంచి ఓడ ప్రయాణం. ఆ యాత్రకి నాయకుడు బోగన్‌విల్. అందుకే తీగ బోగన్‌విల్లా అయింది. మొక్కలు ఏరే పని కొమర్సన్ అనే పండితుడిది. ఆయనకి కాలి పుండు, సరిగ్గా నడవలేడు. కొండలెక్కి, బరువులు మోసి, మొక్కలు ఏరి తెచ్చింది ఆయన నౌకరు. ఆ నౌకరు మగవాడు కాదు. ఝాన్ బారే అనే ఆడమనిషి, ఆయన ఇల్లు చూసుకునే ఆవిడ. ఫ్రెంచి ఓడల్లో ఆడవాళ్లకి ప్రవేశం లేదు కాబట్టి మగవేషం వేసింది. చివరికి ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి మహిళ అయింది. కొమర్సన్ పేరు మీద డెబ్బై పైగా మొక్కలున్నాయి. బారే పేరు ఒక మొక్కకి 2012లో పెట్టారు. వంకాయ కుటుంబంలోదే ఆ మొక్క. రెండొందల ఏళ్లు పైన పట్టింది. మన పక్కింటి పిన్నిగారి పేరు మందారానికి పెట్టకపోయినా ఫర్వాలేదు, ఎవరు తెచ్చారన్నదైనా గుర్తుంటే చాలు అనిపిస్తుంది.

ఓడ మీద మొక్కలు చావకుండా చేసింది ఒక గాజు సీసా. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు చిమ్మట గూడొకటి తడిమట్టిలో పెట్టి, సీసాలో వేసి మూత బిగించాడు. చిమ్మట సంగతి ఎలా ఉన్నా, సీసాలో ఒక ఫెర్న్, ఒక గడ్డి పరక మొలిచి, నీళ్లు పోయకుండానే పచ్చగా నిలిచాయి. పగలు ఆవిరైన తడి రాత్రి గాజుకి పట్టి మళ్లీ మట్టిలోకే దిగుతోంది. 1833లో అలాంటి గాజుపెట్టెల్లో మొక్కలు పెట్టి సిడ్నీ పంపితే దాదాపు అన్నీ బతికాయి. ఆ తర్వాత చైనా తేయాకు హిమాలయాలకి, దక్షిణ అమెరికా సింకోనా నీలగిరులకి వచ్చింది ఈ పెట్టెల్లోనే. గులాబి కొమ్మ పాతి, అడుగు కోసేసిన నీళ్ల సీసా దాని మీద బోర్లిస్తాం చూడండి, అది వార్డ్ పెట్టే. ఖర్చు సున్నా. ఎండలో మాత్రం పెట్టకండి, లోపల ఉడికిపోతుంది.

కాలువ గట్టు మీద కడియం

మన బండి మీదికి వచ్చే మొక్కల్లో ఎక్కువ భాగం కడియం నర్సరీలవి. అక్కడే ఎందుకు అంటే నీళ్ల దగ్గరికి వెళ్లాలి. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాడు. కరువులు చూసిన జిల్లాకి కాలువ నీళ్లొచ్చాయి. రాజమండ్రి దాటగానే కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి, పక్కనే కాలువ, అవతల పెద్ద రోడ్డు. మొక్క పెంచడానికి మట్టి, నీళ్లు, అమ్మడానికి దారి, మూడూ ఒకేచోట. కడియపులంక పూలకీ మొక్కలకీ దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఆ పేరు వెనక పల్లా వెంకన్న గారి లాంటి రైతులు ఉన్నారు.

అక్కడ జరిగే పని దగ్గర్నుంచి చూస్తే, అది సామర్లకోట తోట పనే. కొమ్మ బెరడు ఉంగరంలా తీసి, తడి కొబ్బరిపీచు చుట్టి, పాలిథిన్ కాగితం కట్టి గాలి అంటు వేయడం. నాలుగైదు వారాల్లో వేళ్లు కనబడితే కోసి సంచిలో పెట్టడం. కలుపు తీయడం, సంచులు నింపడం, చల్లనీడకి జరపడం. ఆ సంచులు నింపే చేతుల్లో చాలా భాగం ఆడకూలీల చేతులు. అక్కడ నీడలో, రోజూ తడి తగులుతూ పెరిగిన మొక్క లారీ ఎక్కుతుంది. గాలికి ఆకు ఎండుతుంది. మన ఊరు వచ్చాక బండి మీద మధ్యాహ్నపు ఎండ. సాయంత్రానికి తల వాలుస్తుంది. అది జబ్బు మొక్క కాదు, ప్రయాణం బడలిక తీరని మొక్క.

బేరమాడేటప్పుడు నేను పాటించే మర్యాద ఒకటి చెబుతాను. బండి అబ్బాయి పెట్టుబడి కూడా వాడిపోతూ ఉంటుంది. "అమ్మా, నాకు పడింది కూడా రాలేదమ్మా" అన్నాడంటే చాలాసార్లు అది నిజమే. మరీ పీకల మీద కూర్చోకుండా నాలుగు మొక్కలు కలిపి తీసుకుంటే అతనికీ గిట్టుబాటు, మనకీ చవక. వారం తర్వాత మళ్లీ మన వీధిలోకే వస్తాడు.

ఏది బతుకుతుంది, ఎలా బతుకుతుంది

వాడిన మొక్కలన్నీ తెచ్చుకోవాలని కాదు. మొదలు దగ్గర కాండం గట్టిగా ఉండాలి. మెత్తగా, నల్లగా ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు. గోటితో బెరడు చిన్నగా గీస్తే లోపల పచ్చగా కనబడాలి. సంచి అడుగున వేళ్లు తెల్లగా ఉంటే మంచిది. గోధుమరంగులో జారుతూ వాసన వేస్తే కుళ్లు. ఆకు వెనక తెల్లటి దూదిలాంటి పిండినల్లి ఉంటే, మిగతా మొక్కలకి దూరంగా పెట్టే చోటుంటేనే తెచ్చుకోవాలి.

తెచ్చాక పది రోజులు దాన్ని ప్రశాంతంగా ఉండనివ్వాలి. పురిటి మనిషికి మొదటి రోజే విందు భోజనం పెట్టం కదా. ఎరువు వేయకూడదు, వచ్చిన రోజే కుండీ మార్చకూడదు. నీడలో పెట్టి, సంచిని నీళ్ల తొట్టిలో ఓ పావుగంట ఉంచి, నీళ్లు ఓడ్చేయాలి. పువ్వులు, మొగ్గలు తుంచేయాలి. మనసొప్పదు గాని తప్పదు, ఉన్న బలం వేళ్లకి పోవాలి. ఆకులు మరీ ఎక్కువుంటే మూడో వంతు తీసేయాలి. పిండినల్లికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట కొడితే చాలు. కొత్త చిగురు కనబడ్డాకే మట్టి మార్చడం, ఎండకి అలవాటు చేయడం.

నీటి మొక్కలకి చెరువే ఉండక్కర్లేదు. మా మేడ మీద సగానికి కోసిన పాత నీళ్ల డ్రమ్ము ఉంది. అదే మా కోనేరు. అడుగున ఆరంగుళాలు బంకమట్టి, పైన నీళ్లు. కోకోపీట్, వర్మీకంపోస్ట్ లాంటి తేలికవి వేస్తే పైకి తేలి నీళ్లు కంపు కొడతాయి. కలువకి చిన్న దుంప చాలు, ఎవరి తొట్టిలోనైనా ఎక్కువైతే తీసి ఇచ్చేస్తారు. రోజుకి అయిదారు గంటల ఎండ తప్పనిసరి. దోమలకి నాలుగు గప్పీ చేపలు. ఎర్ర కలువకి శాస్త్రీయంగా "నింఫియా రుబ్రా" అని పేరు పెట్టినవాడు మన సామర్లకోట రాక్స్‌బర్గే.

తామరకి ఇంకా చవక దారి ఉంది. తామర గింజలు. పైపెంకు రాయిలా ఉంటుంది కాబట్టి గుండ్రంగా ఉన్న చివర కాకుండా, చిన్న గుంట ఉన్న చివర గరుకు రాయి మీద అరగదీసి, లోపలి తెలుపు కాస్త కనబడగానే ఆపి, గ్లాసు నీళ్లలో వేయాలి. రోజూ నీళ్లు మారిస్తే వారంలోపు మొలక వస్తుంది. ఆ పెంకు ఎంత గట్టిదంటే, చైనాలో ఎండిపోయిన ఒక చెరువు మట్టిలో దొరికిన తామర గింజ సుమారు 1,300 ఏళ్ల నాటిదని లెక్క తేలింది. దాన్ని కూడా మొలకెత్తించారు. ఆ సంగతి 1995లో ప్రకటించారు. అన్ని వందల ఏళ్లు ఆగిన గింజ కూడా పెంకు ఎవరో ఒకరు అరగదీస్తే గాని లేవలేదు.

సేవ అడగని మొక్క

ఇంతవరకు చెప్పినవన్నీ సేవ అడిగే మొక్కలు. ఇప్పుడు ఏ సేవా అడగని మొక్క ఒకటి చెప్పాలి. గుర్రపుడెక్క. ఊదారంగు పువ్వు, మధ్యలో నెమలికన్ను లాంటి మచ్చ. చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పుట్టింది దక్షిణ అమెరికాలో, అమెజాన్ నీళ్లలో. అందం చూసే 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ తోటల్లోకి తెచ్చారు. మట్టి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, నీళ్ల మీద వేస్తే చాలు. కొన్నేళ్లలో తోట దాటి కాలువల్లోకి, కాలువల్లోంచి వరి చేలల్లోకి పాకింది. పడవలు కదల్లేదు, చేపలు చచ్చాయి, పంట మునిగింది. బెంగాలీలు కోపంతో "జర్మన్ పానా" అని పేరు పెట్టారు, మొదటి ప్రపంచ యుద్ధం రోజులు మరి. చివరికి 1936లో ఆ ఒక్క మొక్క కోసం బెంగాల్‌లో చట్టమే చేయాల్సి వచ్చింది.

లెక్క చూడండి. మంచి ఎండ, మురుగు బలం ఉన్న నీళ్లలో రెండు వారాలకి అది రెండింతలవుతుంది. ఈ రోజు ఒక మొక్క వేస్తే, ఇరవై వారాలకి వెయ్యి దాటుతుంది. అంటే సంక్రాంతికి ఊరికే వస్తోంది కదా అని కాలువలో పడేసిన ఒక్క మొక్క తొలకరి నాటికి ఒక చిన్న చెరువు. దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి. మన చుట్టుపక్కల చెరువులు ఎన్ని దాని కింద ఉన్నాయో బస్సు కిటికీలోంచి చూస్తే చాలు. ఆ చెరువు మీద ఆధారపడ్డ గేదెలవాళ్లు, వలలవాళ్లు, చాకిరేవువాళ్లు కడుతున్నారు ఆ ఉచిత మొక్క ఖరీదు.

అందుకే నీటి మొక్కలు ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోండి గాని పేరు తెలుసుకుని తీసుకోండి. గుర్రపుడెక్క, అంతరతామర లాంటివి తొట్టిలో ఎక్కువైతే కాలువలో, చెరువులో, ఆఖరికి వీధి మురుగులో కూడా పారేయకండి. మేడ మీద ఎండబెట్టి, పూర్తిగా ఎండాక ఎరువు కుప్పలో వేయండి. పువ్వు వచ్చేలోపే ఆ పని చేస్తే ఇంకా మంచిది.

మావారి లెక్కకి ఇప్పుడు నా దగ్గర ఉన్న జవాబు ఇది. వాడిన మొక్క చవక కాదు. దాని ఖరీదులో డబ్బు భాగం తక్కువ, మనిషి భాగం ఎక్కువ. ఆ మనిషి భాగాన్ని సామర్లకోట తోటలో ఎవరూ రాసుకోలేదు, ఓడ మీదా రాసుకోలేదు, మన ఇళ్లల్లోనూ ఎవరూ రాసుకోరు. ఒక మొక్క మన రోజుల్ని అడిగినప్పుడు, అది ఎంతవరకు పెరగాలో కూడా మన చేతిలోనే ఉంటుంది. ఏమీ అడగని మొక్క దగ్గర ఆ పట్టు ఉండదు.

మా గుమ్మం పక్క నందివర్ధనం చోడవరంలో మా అత్తగారి పుట్టింటి నుంచి కొమ్మగా వచ్చింది. ఆవిడ ఆ సంగతి పదిసార్లు చెప్పి ఉంచబట్టి నాకు తెలుసు, నా పిల్లలకీ తెలుసు. ఈమధ్య నేను ఒక పాత డైరీలో రాయడం మొదలుపెట్టాను. మొక్క పేరు, ఎవరిచ్చారు లేదా ఎవరి బండి మీద కొన్నాను, ఏ నెల, ఎలా ఉండగా వచ్చింది, ఎన్నాళ్లకి చిగురేసింది. ఒక్కో మొక్కకి రెండు లైన్లు చాలు. మీరూ రాసి చూడండి. మీ ఇంట్లో అతి పాత మొక్క ఏది, అది ఎవరి చేతి మీదుగా వచ్చింది అన్నది నాకూ చెప్పండి. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే అడగండి.